బస్టర్ కీటన్ నవ్వని ముఖం, కూలే గోడ: స్టేజి మీద చేయాలంటే ఎలా?

సిరిపురం_స్టేజి అడుగుతున్నారు

అందరికీ నమస్కారం. విశాఖలో మా నాటక బృందం డిసెంబరులో ఒక ఆడిటోరియంలో 12 నిమిషాల మాటల్లేని హాస్య ప్రదర్శన ఇస్తోంది. ఐదుగురు నటులు, ఒక కీబోర్డు, ఒక మృదంగం. కథ చిన్నదే. చేతిలో రేకు ట్రంకుపెట్టెతో ఒకాయన అద్దె ఇల్లు వెతుక్కుంటూ తిరుగుతాడు. చివరికి ఇల్లు దొరుకుతుంది, దొరికిన ఇల్లు కూలుతుంది.

ముఖ్య పాత్రను మూకీ సినిమాల హాస్యనటుడు బస్టర్ కీటన్ పద్ధతిలో చేయాలని నిర్ణయించాం. రిహార్సల్లో మాత్రం మా నటుడు ముఖం బిగించి నిలబడితే కోపంగా ఉన్నాడనిపిస్తోంది తప్ప నవ్వు రావడం లేదు. కీటన్ నవ్వకుండా ఎలా నవ్వించాడో, అది ఎలా సాధన చేయాలో తెలిసినవాళ్ళు చెప్పండి. దెబ్బ తగలకుండా పడటం ఎలాగో కూడా కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా చివర్లో ఆ గోడ. మనిషి మీద ఇంటి ముందు గోడ పడి, కిటికీ సందులోంచి అతను క్షేమంగా మిగిలే దృశ్యం స్టేజి మీద సాధ్యమేనా?

పాతరీలు

ముఖం బిగించమని చెప్పడంలోనే పొరపాటు ఉందండి. కీటన్ పెదాలు కదలవు, కళ్ళు మాత్రం ఒక్క క్షణం ఊరుకోవు. ఏదైనా తలకిందులైనప్పుడు అతను చేసేవి మూడే పనులు. చూస్తాడు, ఆగుతాడు, పని మొదలుపెడతాడు. ఆ ఆగడంలో అతను లెక్క వేసుకుంటున్నాడని మనకు తెలుస్తుంది. అది తెలియకపోతే రాయి, తెలిస్తే హాస్యం. మీ నటుడికి ‘నవ్వకు’ అని చెప్పడం మానేసి ‘లెక్క వేసుకో’ అని చెప్పి చూడండి. ట్రంకు మూత ఊడింది. చూపు దాని మీద పెట్టి ఒకటి, రెండు అని మనసులో అనుకోవాలి. అప్పుడు చూపు చుట్టుపక్కల ఏదైనా తాడు ఉందా అని వెతకాలి. ఆ తర్వాతే చెయ్యి కదలాలి. చెయ్యి చూపు కంటే ముందు కదిలితే అక్కడికి నవ్వు పోయినట్టే.

కోపంగా కనిపించడానికి కారణం కనుబొమలూ దవడా. పళ్ళు కరిచిపెట్టుకుంటే దవడ బిగుస్తుంది, కనుబొమలు దగ్గరికొస్తాయి. పెదాలు కలిపి, లోపల పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య చిన్న సందు వదలమనండి. ముక్కుతోనే ఊపిరి తియ్యాలి. ఇంత చిన్న మార్పుతో ముఖం కోపం నుంచి శ్రద్ధకు మారుతుంది.

ఈ పద్ధతి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే మీ నటుడికి పని సులువవుతుంది. 1895 అక్టోబరు 4న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, పికా అనే చిన్న ఊళ్ళో పుట్టాడు కీటన్. అమ్మానాన్నలిద్దరూ ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చే కళాకారులు. మన సురభి కుటుంబాల పిల్లల్లాగే స్టేజి మీద పెరిగాడు. ‘త్రీ కీటన్స్’ పేరుతో వాళ్ళ ప్రదర్శనలో తండ్రి జో ఈ పిల్లాణ్ణి ఎత్తి సెట్ల మీదికి, కింద వాద్యకారుల వైపుకి విసిరేవాడు. పట్టుకోవడానికి వీలుగా చొక్కా వెనక పెట్టె పిడి ఒకటి కుట్టారు. పడి లేచి తను నవ్వితే జనం నవ్వు తగ్గుతోందనీ, గంభీరంగా ఉంటే పెరుగుతోందనీ ఆ వయసులోనే కనిపెట్టాడు. అంటే ఆ ముఖం ఎవరో దర్శకుడు పెట్టిన వేషం కాదు. రోజూ జనం ముందు పరీక్షించి మిగుల్చుకున్న పనిముట్టు.

సినిమాల్లోకి 1917లో హాస్యనటుడు రాస్కో ఆర్బకల్ చిన్న చిత్రాలతో వచ్చాడు. 1920లో సొంత చిన్న చిత్రాలు మొదలయ్యాయి, 1923 నుంచి పెద్ద చిత్రాలు. 1928 వరకూ సాగిన ఆ పనిలో మీరు పట్టుకోవాల్సింది ఒకటుంది. కథ మొదలూ చివరా దొరికాకే పని మొదలెట్టేవాడు, మధ్యభాగం దానంతట అదే వస్తుందనేవాడు. పూర్తి స్క్రిప్టు రాసుకునే అలవాటు లేదు. పొరపాటు జరిగితే దాన్నే కథలో పెట్టుకునేవాడు. ‘త్రీ ఏజెస్’ (1923)లో ఒక కప్పు మీంచి ఇంకో కప్పు మీదికి దూకబోయి అందుకోలేక కింద వలలో పడ్డాడు. దెబ్బలు తగిలి కొన్నాళ్ళు పని ఆగింది. ఆ తర్వాత చూసుకుంటే పడ్డ షాటే బాగుంది. దాన్ని అలాగే ఉంచి, గుడ్డ చూర్లు చింపుకుంటూ కిందికి జారడం, గొట్టం పట్టుకుని వేలాడటం, ఫైర్ స్టేషన్లోకి వచ్చి పడటం చేర్చాడు. ‘సెవెన్ ఛాన్సెస్’ (1925) విడుదలకు ముందు వేసి చూసినప్పుడు, కొండ దిగుతుంటే అనుకోకుండా కదిలిన రెండు మూడు రాళ్ళకు జనం నవ్వారు. వెనక్కి వెళ్ళి బంతంత సైజు నుంచి ఎనిమిది అడుగుల దాకా ఉత్తుత్తి రాళ్ళు వందల్లో చేయించి, కొండంతా రాళ్ళు తరుముకొచ్చే దృశ్యం తీశాడు. మీ రిహార్సల్లో ఎక్కడ అనుకోని నవ్వు వస్తుందో ఒకరు కాగితం మీద రాస్తూ ఉండండి. అసలు సరుకు అక్కడే దొరుకుతుంది.

1928లో ఎంజీఎం స్టూడియోతో ఒప్పందం చేసుకున్నాడు. అది తన జీవితంలో అతి పెద్ద పొరపాటని తర్వాత తనే చెప్పుకున్నాడు. అక్కడ తీసిన మొదటి చిత్రం ‘ది కెమెరామన్’ ఇప్పటికీ బాగుంటుంది. ఆ తర్వాత కథ, పడే తీరు, షాటు నిడివి అన్నీ ఇంకొకరి చేతిలోకి పోయాయి. తాగుడు తోడైంది, 1933లో స్టూడియో బయటికి పంపింది. చాలా ఏళ్ళు ఇతరుల సినిమాలకు హాస్య సన్నివేశాలు రాస్తూ గడిపాడు. 1952లో చాప్లిన్ ‘లైమ్‌లైట్’లో ఇద్దరూ కలిసి ఒక స్టేజి దృశ్యం చేశారు. మీ బృందం అంతా కూర్చుని చూడాల్సిన దృశ్యం అది. 1966 ఫిబ్రవరి 1న చనిపోయే ముందే ప్రపంచం మళ్ళీ గుర్తించింది, 1960లో గౌరవ ఆస్కార్ కూడా ఇచ్చారు.

ఇంకో మాట. నెట్‌లో దొరికే కాపీలన్నీ ఒకే వేగంలో ఉండవు. ఆ రోజుల్లో కెమెరా చేత్తో తిప్పేవారు. సెకనుకు 16 బొమ్మల నుంచి 24 దాకా ఎంతైనా ఉండొచ్చు. మనుషులు చీమల్లా పరిగెడుతుంటే ఆ కాపీ చూసి సాధన చేయకండి. వేగం 0.75కి తగ్గించండి. యూట్యూబ్‌లో వీడియో ఆపి ఫుల్‌స్టాప్ కీ నొక్కితే ఒక్కో బొమ్మ ముందుకు, కామా నొక్కితే వెనక్కి జరుగుతుంది. పడే దృశ్యాలు అలా చూస్తే ఏ కాలు ముందు వంగిందో తెలుస్తుంది.

అల్లిపురం_ప్రేక్షకుడు

పాతరీలు గారు చెప్పిందంతా కెమెరాకు సరిపోతుందండి. స్టేజికి వచ్చేసరికి పన్నెండో వరసలో కూర్చున్నవాడికి కళ్ళు కనిపించవు. పైగా మన హాస్యం ముందునుంచీ చెవి మీద నడిచింది. ‘కన్యాశుల్కం’లో గిరీశం మాట తీసేస్తే ఏం మిగులుతుంది? 1982లో ‘నాలుగు స్తంభాలాట’తో వీరభద్రరావు, వేలు ఇద్దరికీ సుత్తి అనే ఇంటిపేరు వచ్చిందంటే అది మాట వల్లే. ‘సుత్తి కొట్టకు’ అని ఇప్పటికీ అంటున్నాం. ఇలాంటి ప్రేక్షకుల ముందు ముఖం కదపని మనిషిని 12 నిమిషాలు నిలబెడితే నాలుగో నిమిషానికి ఫోన్లు బయటికొస్తాయని నా భయం. మాటలు లేకపోయినా శబ్దానికి ఒక ఏర్పాటు కావాలి. మృదంగం ఉంది కదా, దాన్ని గట్టిగా వాడుకోండి.

పాతరీలు

అల్లిపురం గారి భయం సరైనదే. కళ్ళు కనిపించని దూరంలో తల మొత్తం తిరగాలి. కీటన్ కూడా పెద్దగా పడే దృశ్యం ఏదీ దగ్గరి షాటులో తీయలేదు. మనిషి నిలువెల్లా, చుట్టూ ఉన్న స్థలంతో సహా, వీలైనంతవరకు ఒకే షాటులో కనిపించేలా తీశాడు. కోత పడితే మోసం అనుకుంటారని అతని నమ్మకం. అందువల్ల స్టేజికి చాప్లిన్ కంటే కీటనే దగ్గర అని నా అభిప్రాయం.

తెలుగువాళ్ళకు శరీరంతో హాస్యం కొత్త కాదు. రమణారెడ్డి ఆ సన్నటి ఒళ్ళు ఎలా వంచేవారో, రాజబాబు ఎలా గెంతేవారో చూసిన జనమే కదా. తోలుబొమ్మలాటలో కేతిగాడు తెర మీదికి రాగానే మాట వినకముందే పిల్లలు నవ్వుతారు.

మృదంగం విషయంలో మాత్రం నా మాట వేరు. పడిన ప్రతిసారీ దెబ్బ వేయిస్తే కార్టూన్ అయిపోతుంది. మొత్తం 12 నిమిషాల్లో మూడే మూడు గట్టి దెబ్బలు ఉంచండి. మిగతా అంతా నడకకు తాళం. అన్నిటికంటే పెద్దగా పడేటప్పుడు వాద్యం పూర్తిగా ఆగాలి, ఒళ్ళు చెక్కకు తగిలిన శబ్దమే వినపడాలి.

కసరత్తు_కంచరపాలెం

పడటం గురించి నేను చెబుతాను. కీటన్ రహస్యం ఒకటే. ఒళ్ళు బిగించకుండా, నేలకు తగిలే లోపు చేత్తోనో కాలితోనో వేగం తగ్గించుకునేవాడు. దెబ్బ ఒక్కచోట పడకుండా ఒళ్ళంతా పంచుకోవాలి.

వెల్లకిలా పడటంతో మొదలెట్టండి. చూసేవాడికి నిలువునా పడ్డట్టు ఉంటుంది గానీ నిజానికి అది వేగంగా కూర్చోవడం. ఒక కాలు మీద బరువంతా వేసి ఆ మోకాలు పూర్తిగా వంచుతూ పిరుదు మడమకు దగ్గరగా దించాలి. రెండో కాలు ముందుకు పైకి లేవాలి. జనం చూపు లేచిన కాలి మీద ఉంటుంది కాబట్టి వంగిన కాలు కనపడదు. గడ్డం ఛాతీకి ఆనించాలి, ఇది మరిస్తే తల వెనక భాగం నేలకు కొట్టుకుంటుంది. పిరుదు తగిలాక నడుము, వీపు గుండ్రంగా దొర్లాలి. వీపు నేలకు చేరే క్షణంలో రెండు అరచేతులూ ఒంటికి 45 డిగ్రీల దూరంలో నేలను చరచాలి. ఆ చరుపే జనానికి పడ్డ శబ్దంగా వినపడుతుంది. ఊపిరి బయటికి వదులుతూ పడాలి, బిగబట్టి పడితే గుండె పట్టేసినట్టవుతుంది.

ఎక్కువమంది దెబ్బ తినేది మణికట్టు దగ్గర. భయంతో చెయ్యి వెనక్కి నిటారుగా చాస్తారు, బరువంతా దాని మీద పడి ఎముక విరుగుతుంది. మొదటి వారం రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకుని, గొంతుక్కూర్చున్న చోట నుంచి మాత్రమే దొర్లించండి. రెండో వారం సగం లేచి. మూడో వారం నిలబడి, అప్పుడు చేతులు విప్పి చరుపు నేర్పండి. అడుగున 4 అంగుళాల మెత్తటి పరుపు, తర్వాత 2 అంగుళాలు, చివరి పది రోజులు చెక్క మీదే. రోజుకు ఒక మనిషి పదిహేను సార్లకు మించి పడకూడదు. అలిసిపోయాక గడ్డం దానంతటదే వదులైపోతుంది, దెబ్బలు తగిలేది ఆ వేళలోనే.

బీచ్ ఇసుకలో సాధన చేద్దామని మన ఊళ్ళో అందరికీ తోస్తుంది. పొడి ఇసుకలో కాలు దిగబడుతుంది, తిరగాల్సిన మడమ తిరగదు, మోకాలు మెలిపడుతుంది. నీటి అంచున తడి ఇసుక సిమెంటుతో సమానం. దొర్లడం వరకు పొడి ఇసుకలో పరవాలేదు, జారిపడటం మాత్రం అక్కడ వద్దు.

బోర్లా పడాలంటే మోకాళ్ళు తగలకూడదు. రెండు అరచేతులూ ముందు చేరాలి, మోచేతులు వంగుతూ ఛాతీ, పొట్ట, తొడలు వరసగా దిగాలి. తల పక్కకు తిప్పాలి. ముందు దండీలు వరసగా ఇరవై తీయలేనివాడికి ఇది ఇవ్వకండి.

ట్రంకుపెట్టె చేతిలో ఉండగా పడొద్దు. పెట్టె ముందు జారాలి, తర్వాత మనిషి. రేకు అంచులకు లోపలి నుంచి రబ్బరు పట్టీ అంటించండి, మూలలకు గుడ్డ చుట్టి అదే రంగు వేయండి.

కీటన్ అంతటివాడు కూడా దెబ్బలు తిన్నాడని మీ కుర్రాళ్ళకు చెప్పండి. ‘షెర్లాక్ జూనియర్’ (1924)లో రైల్వే నీళ్ళ గొట్టం ధార మీద పడి పట్టాల మీదికి విసిరేసింది. మెడ ఎముక చిట్లిందని ఎన్నో ఏళ్ళ తర్వాత ఎక్స్‌రేలో బయటపడింది. ఆయన పడిన తీరులో పొరపాటు లేదు, నీళ్ళ బలం ఎంతో ముందు చూసుకోలేదు. మీ ఒంటికి ఎంత బాగా పడటం వచ్చినా, సెట్టులోని వస్తువు బరువు, వేగం విడిగా పరీక్షించాలి.

సిరిపురం_స్టేజి

పళ్ళ మధ్య సందు చిట్కా నిన్న రిహార్సల్లో వాడాం, ఒక్క రోజులో తేడా తెలిసింది. అందరికీ ధన్యవాదాలు. ఇక గోడ మిగిలింది. 12 అడుగుల ఎత్తు గోడ, మనిషి ఐదున్నర అడుగులు. కిటికీ ఎక్కడ, ఎంత ఉండాలి? కీటన్ పెట్టుకునే ఆ చదునైన టోపీ కూడా ఇక్కడ ఎక్కడా దొరకడం లేదు.

రంగులపెట్టె

టోపీ కొనేది కాదండి, చేసుకునేది. కీటన్ తన టోపీలు తనే చేసుకునేవాడు. మామూలు స్టెట్సన్ ఫెల్టు టోపీ కోసి పొట్టిగా చేసి, అంచుకు చక్కెర నీళ్ళు పట్టించేవాడు. టీ కప్పుడు గోరువెచ్చని నీళ్ళలో మూడు చెంచాల నిండా చక్కెర. అంచును పైనా కిందా తడిపి, శుభ్రమైన గట్టి బల్ల మీద చదునుగా పరిచి ఆరబెడితే అట్టలా బిగుస్తుంది.

మన ఊళ్ళో మాత్రం చక్కెర వద్దు. సముద్రపు గాలి తేమకు సాయంత్రానికి జిగటపడి అంచు వాలిపోతుంది, రాత్రికి చీమలు పడతాయి. చిక్కటి గంజి పెట్టినా తేమ రోజున మెత్తబడుతుంది. ఒక వంతు ఫెవికాల్‌కు మూడు వంతుల నీళ్ళు కలిపి బ్రష్‌తో రెండు పూతలు వేయండి. మొదటి పూత పూర్తిగా ఆరాకే రెండోది. అడుగున పాలిథిన్ కాగితం వేసి ఆరబెట్టండి, లేకపోతే బల్లకు అతుక్కుంటుంది. ఫెల్టు టోపీ పైభాగాన్ని లోపలికి నొక్కి రెండున్నర అంగుళాల ఎత్తుకు కుట్టేయండి. అంచు రెండు అంగుళాలు చాలు. కనీసం మూడు టోపీలు చేయండి, పడే ప్రతిసారీ ఒక అంచు మడత పడుతుంది.

అల్లిపురం గారు పన్నెండో వరస అన్నారు కదా, అక్కడ ఈ టోపీ పనికొస్తుంది. అంచు స్కేలు గీతలా చదునుగా ఉండటం వల్ల తల అంగుళం వంగినా దూరానికి తెలుస్తుంది. కళ్ళు చేసే పని అక్కడ టోపీ అంచు చేస్తుంది. అందుకే అంచు వాలిపోయిన టోపీతో స్టేజి ఎక్కనివ్వకండి. వెనక నల్ల తెర ఉంటే టోపీ లేత బూడిద రంగులో ఉండాలి.

వడ్రంగి_లెక్క

గోడ సాధ్యమే. ముందు కీటన్ ఎలా చేశాడో చూడండి, మనం మార్చాల్సినవి అందులోనే తెలుస్తాయి. ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ (1928)లోని ఆ గోడ అతనికి మొదటిది కాదు, 1920 నాటి ‘వన్ వీక్’లోనే ఒక తేలికపాటి గోడ ఉంది. పెద్ద గోడకు ముందు చట్రం కట్టించి, మడతబందులు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకున్నాడు. చట్రాన్ని నేల మీద పడుకోబెట్టి, తను నిలబడిన చోటు చుట్టూ కిటికీ కట్టించాడు. భుజాలకు, తలకు, మడమలకు రెండేసి అంగుళాల సందు. మడమల చోట నేలలో పెద్ద మేకులు దిగ్గొట్టి, అప్పుడు చట్రం లేపి గోడ పూర్తి చేయించాడు. తుపాను గాలి కోసం పెద్ద ఫ్యాన్లు తిరుగుతున్నా, గోడ పడేటప్పుడు ఆ గాలి దాని మీద పడకుండా చూసుకున్నాడు. గాలికి గోడ మెలితిరిగితే అనుకున్న చోట పడదు.

ఇంకో సంగతి గమనించండి. కిటికీని మామూలు మేడ కిటికీలా 12 అడుగుల్లో కాకుండా 18 అడుగుల ఎత్తున పెట్టించాడు. లెక్క వేస్తే కారణం తెలుస్తుంది. గోడ అడుగు నుంచి మనిషి ఎంత దూరంలో నిలబడ్డాడో ఆ దూరాన్ని దానితోనే గుణించండి, మనిషి ఎత్తును కూడా దానితోనే గుణించండి, రెండూ కలిపి వర్గమూలం తీయండి. గోడ మీద ఆ ఎత్తున ఉన్న చోటే తలకు ఎదురవుతుంది. మడమలకు ఎదురయ్యేది దూరంతో సమానమైన ఎత్తు. ఆ రెంటి మధ్యా ఖాళీ ఉండాలి. 18 అడుగుల దూరంలో నిలబడితే తల దగ్గర 18 అడుగుల 10 అంగుళాలే వస్తుంది, కిటికీ చిన్నదిగా ఉన్నా చాలు. దగ్గరగా నిలబడేకొద్దీ కిటికీ పొడుగ్గా కావాలి. దూరం జరిగితే చిన్న కిటికీ, చిన్న కిటికీ అంటే చూసేవాడికి ఎక్కువ భయం. ఎత్తు పెంచడంలో ఉపాయం అదే.

మీ 12 అడుగుల గోడకు మనిషిని మడతబందుల నుంచి 6 అడుగుల దూరంలో నిలబెట్టండి. 36కి 30.25 కలిపితే 66.25, వర్గమూలం సుమారు 8 అడుగుల 2 అంగుళాలు. ముఖం, నుదురు కాస్త ముందుకుంటాయి, టోపీ ఉంది, కాబట్టి 8 అడుగుల 6 అంగుళాలనుకోండి. మడమలు 5 అడుగుల 6 అంగుళాల దగ్గర. రెండు వైపులా ఒక్కో అడుగు వదిలితే కిటికీ నాలుగున్నర అడుగుల దగ్గర మొదలై తొమ్మిదిన్నర దగ్గర ముగియాలి. వెడల్పు 4 అడుగులు. కీటన్ రెండు అంగుళాలతో చేశాడని మీరు చేయకండి, మీది ప్రతి ప్రదర్శనలోనూ పడాల్సిన గోడ. టోపీ పెట్టుకునే కొలవండి, బూట్లు వేసుకునే కొలవండి.

సరుగుడు కర్రలతో గానీ ఒకటిన్నర అంగుళాల రీపర్లతో గానీ చట్రం కట్టి, గాడా గుడ్డ బిగించి ఇటుకల రంగు వేయండి. ప్లైవుడ్ వద్దు. గుడ్డే అయినా చట్రం తగిలితే దెబ్బే. ఏ అడ్డూ లేకుండా పడితే 12 అడుగుల చట్రం పై అంచు నేలకు చేరేసరికి గంటకు 37 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది, తల ఎత్తుకు వచ్చేసరికే 15 దాటుతుంది. గుడ్డకు గాలి అడ్డుపడి కొంత తగ్గుతుంది గానీ దాన్ని నమ్ముకోవద్దు. అందువల్ల కిటికీ అంచుల్లో కర్ర ఉండకూడదు. అడ్డ రీపర్లు కిటికీకి కింద 4 అడుగుల దగ్గర, పైన 10 అడుగుల దగ్గర, నిలువువి కిటికీకి ఇరువైపులా అర అడుగు ఎడంగా వేయండి. మధ్యలో గుడ్డ మాత్రమే, దాని అంచు మడిచి కుట్టాలి. ఎక్కడైనా లెక్క తప్పితే తగిలేది గుడ్డే అవుతుంది. కిటికీకి తలుపులు, ఊచలు రంగుతో వేసుకోండి.

అడుగున మూడు మడతబందులు, కనీసం 4 అంగుళాలవి. రెండే పెడితే మధ్యలో రీపరు వంగి గోడ ఒక పక్కకు తిరుగుతుంది. బందుల పలకను స్టేజికి మేకులు కొట్టనివ్వరు కాబట్టి, 8 అడుగుల పొడవు మందపాటి చెక్కకు బిగించి, ఆ చెక్క మీద ఇసుక బస్తాలు నాలుగు పెట్టండి. పై రెండు మూలలకూ వెనక నుంచి తాళ్ళు కట్టి ఇద్దరు పట్టుకోవాలి. వదిలేటప్పుడు ఇద్దరూ ఒకేసారి వదలాలి. ఒకరు అర క్షణం ఆలస్యం చేస్తే గోడ మెలిపడుతుంది. నోటితో లెక్క చెప్పుకోకుండా, మృదంగం ఆగడమే సంకేతంగా పెట్టుకోండి. పాతరీలు గారు అన్న నిశ్శబ్దం కూడా దాంతో వచ్చేస్తుంది.

మడమల వెనక రెండు చిన్న రీపరు ముక్కలు డబుల్ టేపుతో నేలకు అంటించండి. నటుడు కిందికి చూడకుండా మడమలతో తడుముకుని నిలబడాలి. నిలబడ్డాక తల కూడా తిప్పకూడదు. గోడ వస్తున్న గాలి వీపుకు తెలుస్తుంది, ఒళ్ళు దానంతటదే వంగుతుంది. ఆ వంగడం పోవాలంటే సాధన ఒక్కటే దారి. ముందు పొలంలో కట్టే దిష్టిబొమ్మలాంటిది అదే ఎత్తున, అదే వెడల్పు భుజాలతో చేసి నిలబెట్టి ఇరవై సార్లు గోడ వదలండి. ఇరవైకి ఇరవై తగలకుండా పడితేనే మనిషిని నిలబెట్టండి. ఒక్కసారి తగిలినా మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టండి. మనిషికి మొదటి ఐదు సార్లు హెల్మెట్.

హాల్లోకి వెళ్ళాక చూడాల్సినవి రెండున్నాయి. లేచి ఉన్న గోడ పైనున్న లైట్ల కడ్డీకి తగలకూడదు. పడ్డాక 12 అడుగుల మేర ముందుకొస్తుంది కాబట్టి ముందు తెర గీతకు ఇంకా మూడు అడుగులు మిగలాలి. స్టేజి తడిగుడ్డతో తుడిపించండి, లేకపోతే గోడ కొట్టిన గాలికి దుమ్మంతా మొదటి వరస కళ్ళలో పడుతుంది.

సిరిపురం_స్టేజి

వడ్రంగి గారూ, చాలా చాలా థాంక్స్. మా స్టేజి లోతు 20 అడుగులు, సరిపోతుంది. ఇదే ప్రదర్శనను జనవరిలో బీచ్ రోడ్డు దగ్గర ఆరుబయట ఇవ్వమని అడుగుతున్నారు. అక్కడ గోడ పెట్టొచ్చా?

వడ్రంగి_లెక్క

వద్దండి. గుడ్డ గోడ అంటే తెరచాపే. మధ్యాహ్నం నుంచి సముద్రం గాలి మొదలవుతుంది, మీ ప్రదర్శన వేళకు ఇంకా ఉంటుంది. వెనక నుంచి వీస్తే తాళ్ళు వదలకముందే లాక్కుపోతుంది, ముందు నుంచి వీస్తే సగంలో ఆగి ఊగుతుంది, పక్క నుంచి వీస్తే మెలిపడి కిటికీ మనిషిని తప్పుతుంది. కీటన్ తన ఫ్యాన్ల గాలిని గోడ మీద పడకుండా చూసుకోగలిగాడు. ఆరుబయట మీరు గోడ మానేసి తలుపు పెట్టుకోండి. చుట్టూ గోడ లేకుండా ఒంటరిగా నిలబడ్డ తలుపు ఒకటి, తాళం తీసి లోపలికి వెళ్ళి, చుట్టూ చూసి, మళ్ళీ తలుపులోంచే బయటికి రావాలి. ఆరున్నర అడుగుల తలుపు, అడుగున మూడడుగుల పలక, రెండు ఇసుక బస్తాలు చాలు.

పాతరీలు

తలుపు ఆలోచన బాగుంది. ఒక్కటి చేర్చండి. బయటికొచ్చాక తాళం వేసి, వేశాడో లేదో లాగి చూసుకోవాలి. చూపు, రెండు లెక్కలు, తర్వాతే చెయ్యి.